సొంత భూమిలోని మట్టికట్ట, దాని ప్రమాద తరగతి: అపోహలు – వాస్తవాలు

చెరువు నీటిని ఆపే చిన్న మట్టికట్టలను తనిఖీ చేసే ఇంజినీరుగా నేను యజమానుల నోట ఎక్కువగా వినే అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. వీటిలో మొదటిదే అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తోంది.

అపోహ: ‘అధిక ప్రమాద’ తరగతి ఇచ్చారంటే కట్ట బలహీనపడిందని అర్థం.

వాస్తవం: కట్ట తెగితే దిగువన ఏం జరుగుతుందన్నదే తరగతిని నిర్ణయిస్తుంది. అమెరికా ఫెడరల్ మార్గదర్శకాల ప్రకారం ఒక్క ప్రాణమైనా పోయే అవకాశం ఉంటే ‘అధిక’ తరగతి, ప్రాణనష్టం ఉండకపోయినా ఆస్తికో, పర్యావరణానికో, ముఖ్యమైన సదుపాయాలకో చెప్పుకోదగ్గ నష్టం జరిగేట్టయితే ‘గణనీయ’ తరగతి, నష్టం చాలావరకు యజమాని భూమికే పరిమితమైతే ‘అల్ప’ తరగతి వర్తిస్తాయి. కట్ట స్థితిని విడిగా అంచనా వేస్తారు. కాబట్టి అధిక తరగతిలోని కట్ట దృఢంగా ఉండవచ్చు, అల్ప తరగతిలోని కట్ట గండి పడే దశకు చేరి ఉండవచ్చు.

అపోహ: ఇంత చిన్న కట్ట తెగితే ఎవరికేం నష్టం?

వాస్తవం: జార్జియా రాష్ట్రంలో టొకోవా వద్ద ఒక కళాశాలకు చెందిన కెల్లీ బార్న్స్ కట్ట ఎత్తు 40 అడుగులకు లోపే. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక అది తెగి 39 మంది మరణించారు. కొలరాడోలోని లాన్ లేక్ కట్ట ఇంకా చిన్నది, సుమారు 26 అడుగులు. తూము గొట్టానికీ వాల్వుకూ మధ్య అతుకులో నింపిన సీసం క్షీణించి, అక్కడ కారిన నీరు కట్ట లోపలి మట్టిని కోసుకుపోగా 1982 జులై 15న అది తెగింది, ముగ్గురు చనిపోయారు. ఎత్తుతో పాటు నిలవ ఉన్న నీరెంత, వాగు ఎంత ఇరుకు, దాని ఒడ్డున మనుషులు ఎక్కడ నిద్రిస్తున్నారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి.

అపోహ: ఒకసారి ఇచ్చిన తరగతి ఇక మారదు.

వాస్తవం: కట్ట అలాగే ఉన్నా దిగువన ఇళ్లు లేస్తే తరగతి పెరుగుతుంది. అప్పుడు అలుగు మరింత పెద్ద వరదను మోయగలగాలి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలి, ఆ ఖర్చు సాధారణంగా యజమాని మీదే పడుతుంది. తాను కట్టని ఇళ్ల కోసం తాను చెల్లించడం అన్యాయమనే యజమాని బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఇళ్లలో ఉన్నవారి ప్రాణాలకు అది జవాబు కాదు. అందుకే, కట్ట తెగితే నీరు ఎక్కడిదాకా చేరుతుందో చూపే ముంపు పటాన్ని నిర్మాణ అనుమతులిచ్చే స్థానిక సంస్థకు ముందుగానే అందజేయమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: ఇన్నేళ్లు చెక్కుచెదరలేదు కాబట్టి ఇకపైనా నిలుస్తుంది.

వాస్తవం: ఇనుప తూము గొట్టం లోపలినుంచి తుప్పు పడుతుంది, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లి నీటికి దారి ఇస్తాయి, అడవి జంతువులు బొరియలు తవ్వుతాయి. బయటి వాలు అడుగున, ముఖ్యంగా గొట్టం బయటికొచ్చే చోట, ఊటను ఒక గాజు సీసాలో పట్టి చూడండి. చాలాకాలంగా ఒకే మోతాదులో వస్తున్న తేట నీటిని కొలిచి నమోదు చేసుకుంటే సరిపోవచ్చు. సీసా అడుగున మట్టి పేరుకుంటే మాత్రం లోపల బుంగ పెరుగుతోందని అనుమానించి, వెంటనే ఇంజినీరును పిలిచి, ఆయన సలహాతో నీటిమట్టాన్ని నెమ్మదిగా తగ్గించాలి. పెద్ద చెట్ల మొదళ్లను చెరువు నిండుగా ఉన్నప్పుడు సొంతంగా పెకలించకండి.

చేపలు పోకుండా అలుగుకు వల కట్టడం, నీరు ఎక్కువ నిలవాలని దానిపై పలకలు పెట్టడం కూడా నేను చూస్తుంటాను. చెత్త ఆ వలకు అడ్డుపడితే వరద కట్ట మీదుగా పొర్లుతుంది, అలా పొర్లే నీటికి మట్టికట్ట ఎక్కువసేపు ఆగదు.

అపోహ: అధికారులు తనిఖీ చేశారు కనుక బాధ్యత ప్రభుత్వానిదే.

వాస్తవం: నిర్వహణ బాధ్యత యజమానిదే. తనిఖీకి వచ్చినవారు ఆ ఒక్క రోజు కనిపించినదే చూడగలరు, భారీ వాన వెలిసిన మర్నాడు కట్ట వెంబడి నడిచి చూడవలసింది యజమానే.