ముల్లు పడిపోతే మీటరు మార్చేయాలా?

ట్యాంకు నిండా పెట్రోలు పోసినా ముల్లు సగం దగ్గరే ఆగిపోయిందంటే ఎవరైనా ముందు మీటరునే అనుమానిస్తారు. పాత బండి కదా, పోయే ఉంటుందని కొత్తది తెప్పించి బిగిస్తారు. తీరా చూస్తే కొత్తదీ సగం దగ్గరే ఆగుతుంది! అమెరికాలో పాత గార్డెన్ ట్రాక్టర్లు వాడేవాళ్లకు ఇది మామూలు తలనొప్పే.

గార్డెన్ ట్రాక్టరంటే ఇంటి చుట్టూ గడ్డి కోయడానికి, చలికాలంలో మంచు తోయడానికి వాడే చిన్న బండి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో కబ్ క్యాడెట్‌ను, జాన్ డీర్ 1963లో మోడల్ 110ను తెచ్చాయి. రెండింటికీ 7 హార్స్‌పవర్ కోలర్ ఇంజినే. తర్వాతి మోడళ్లకు ఒక్కొక్కటిగా మీటర్లు చేరాయి. ఈ బళ్ల ఇంజిన్లు మొండిఘటాలు, దశాబ్దాల తరబడి నడుస్తాయి. వైర్లకు మాత్రం అంత ఓపిక ఉండదు.

నిజానికి మీటరుకు పెట్రోలుతో సంబంధమే లేదు, దానికి తెలిసింది కరెంటే. ట్యాంకులో ఉండే సెండర్‌కు ఒక ఫ్లోటు, దానికో చిన్న చెయ్యి ఉంటాయి. పెట్రోలుతో పాటు ఫ్లోటు లేస్తూ దిగుతూ ఉంటే ఆ చెయ్యి సన్నటి తీగచుట్ట మీద జరుగుతూ నిరోధాన్ని, అంటే కరెంటుకు పడే అడ్డును, మారుస్తుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. అమెరికన్ బళ్లలో ఎక్కువగా కనిపించే పద్ధతిలో ఖాళీ ట్యాంకుకు 240 ఓమ్‌లు, సగానికి 103, నిండు ట్యాంకుకు 33. కరెంటు బ్యాటరీ నుంచి మీటరుకు, అక్కడి నుంచి సెండర్‌కు వెళ్లి, బండి ఇనుప చట్రం గుండా బ్యాటరీ మైనస్‌కు చేరుతుంది. ఈ తిరుగుదారే ఎర్త్. సెండర్ ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి 70 ఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి. నిండు ట్యాంకు 33కి ఆ 70 కలిస్తే 103. ముల్లు సగం చూపిస్తుంది. పాపం, మీటరు తనకు అందిన లెక్కే చెప్పింది.

మీటరు బాగుందో లేదో తేల్చడానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. తాళం ఆపేసి, ట్యాంకు మూత బిగించి, సెండర్‌కు వచ్చే వైరు ఊడదీయండి. దాని కొన తేలిపోయి ఉండగా తాళం తిప్పితే ముల్లు ఖాళీ వైపు పడాలి. మళ్లీ తాళం ఆపి, ఇంకో వైరుతో ఆ కొనను ట్యాంకుకు దూరంగా చట్రానికి కలిపి, ఒక్క క్షణం తాళం తిప్పితే ముల్లు నిండు వైపు పోవాలి. ఈ రెండూ జరిగితే మీటరు, దాని వైరు బాగున్నట్టే. తాళం ఆన్‌లో ఉండగా ట్యాంకు పక్కన వైరు రాసి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వతో ఆటలేంటి?

తర్వాత వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటరు తీయండి. సెండర్ వైరు మళ్లీ తగిలించి తాళం ఆన్‌లో ఉంచి, సెండర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి చూడాలి. దాదాపు సున్నా రావాలి. 0.1 వోల్టు దాటిందంటే ఎర్త్ సరిగ్గా అందడం లేదు. బోల్టు విప్పి, కింది ఇనుము మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు అక్కడితో గొడవ వదిలిపోతుంది. పాత బండికి ముచ్చటగా కొత్త రంగు వేయించాక మీటర్లు చచ్చిపోయాయనే గోల కూడా ఇలాంటిదే. బోల్టు కింద రంగు చేరితే కరెంటుకు దారి ఉండదు. ఇక ప్లాస్టిక్ ట్యాంకయితే ఎర్త్ కోసం విడిగా వైరు ఉంటుంది, అది తెగిందేమో చూడాలి.

పెట్రోలు తక్కువ చూపిస్తే పోయేదేమీ లేదు, ముందే పోసుకుంటాం. టెంపరేచర్ మీటరు విషయంలో అలా ఊరుకోలేం. నీళ్లతో చల్లబడే ఇంజిన్లలో ఈ మీటరుకు వేరే సెండర్ ఉంటుంది, వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. అంటే తుప్పు కలిపే ఓమ్‌లు ఇంజినును ఉన్నదానికన్నా చల్లగా చూపిస్తాయి. లోపల ఇంజిను మరుగుతున్నా ముల్లు చల్లగా నిలబడి ఉంటుంది. ఈ సెండర్‌కు చాలా బళ్లలో మరల ద్వారానే ఎర్త్ అందుతుంది. నీళ్లు కారకూడదని కుళాయికి చుట్టినట్టు దాని మరలకు తెల్ల టేపు మందంగా చుడితే ఆ ఎర్త్ కాస్తా దెబ్బతింటుంది.

మన ఊళ్లలోని పాత డీజిల్ ట్రాక్టర్లలోనూ సెండర్ ఉన్న ఎలక్ట్రిక్ మీటరుకు వర్తించేది ఈ లెక్కే.

ఎర్త్ బాగున్నా ముల్లు ఎప్పుడూ ఖాళీలోనే ఉంటే ఫ్లోటుకు చిల్లి పడి మునిగిపోయి ఉండొచ్చు. ఒకచోట మాత్రమే ముల్లు ఎగిరిపడుతుంటే తీగచుట్ట అక్కడ అరిగిందన్నమాట. అప్పుడు సెండర్ మార్చక తప్పదు. కొనేముందు ఓమ్‌లు అడిగి మరీ కొనండి. యూరప్ బళ్లలో ఖాళీకి 10, నిండితే 180 ఉండే రకం ఒకటుంది. దాన్ని అమెరికన్ మీటరుకు తగిలిస్తే పెట్రోలు పోసే కొద్దీ ముల్లు ఖాళీ వైపు నడుస్తుంది.