మద్యపానంపై తాత్విక ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

నీతిశాస్త్రం బోధించే నేను తరగతిలో మద్యం ప్రస్తావన తెచ్చిన ప్రతిసారీ చర్చ "తాగడం తప్పా, ఒప్పా" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. నిజానికి అందులో బాధ్యత, స్వభావం, స్వేచ్ఛ, సంకల్పం అనే వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోవడం వల్లనే ఈ కింది అపోహలు బలంగా పాతుకుపోయాయి.

అపోహ: మత్తులో చేసిన పనికి మనిషి బాధ్యుడు కాడు.

వాస్తవం: ఈ వాదాన్ని అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే తోసిపుచ్చాడు. తాగి నేరం చేసినవాడికి రెట్టింపు శిక్ష విధించే చట్టాలను ప్రస్తావిస్తూ, తాగకుండా ఉండగల శక్తి అతనికి ఉన్నది కనుక ఆ ఒళ్లు తెలియని స్థితికి మూలం కూడా అతనేనని ఆయన వివరించాడు. కాబట్టి వాహనం నడపవలసి ఉందని తెలిసీ తాగడం మొదలుపెట్టినవాడి బాధ్యత, తెలివిగా ఉండగా అతను తీసుకున్న ఆ నిర్ణయంతోనే మొదలవుతుంది. జరిగినదేదీ గుర్తులేదని అతను చెబితే ఏమనాలన్న ప్రశ్నను 17వ శతాబ్దంలో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ లేవనెత్తాడు: చేసిన పని సాక్ష్యాలతో రుజువవుతుంది, స్పృహ లేదన్న మాటను రుజువు చేయలేము, అందుకే న్యాయస్థానం శిక్షిస్తుంది.

ఇంతకంటే కఠినమైన చిక్కు మరొకటి ఉంది. ఇద్దరు ఒకే మోతాదులో తాగి, ఒకే నిర్లక్ష్యంతో వాహనాలు నడిపారనుకుందాం. ఒకరి దారికి ఒక పిల్లవాడు అడ్డువచ్చి ప్రాణం కోల్పోయాడు. రెండవవాడు క్షేమంగా ఇల్లు చేరాడు. మొదటివాడిని లోకం హంతకుడంటుంది, రెండవవాడిని ఎవరూ పట్టించుకోరు. తత్వవేత్త థామస్ నేగెల్ వంటివారు దీనిని నైతిక అదృష్టం, అంటే మన చేతిలో లేని ఫలితాన్ని బట్టి మనపై తీర్పు మారిపోవడం అనే సమస్యగా చర్చించారు. నా దృష్టిలో ఇద్దరి తప్పూ సమానమే. మొదటివాడు తీర్చవలసిన రుణం మాత్రం ఎంతో పెద్దది. క్షేమంగా ఇల్లు చేరడాన్ని తన జాగ్రత్తకు రుజువుగా భావించే రెండవవాడి గురించే నేను ఎక్కువగా ఆందోళన పడతాను.

అపోహ: మత్తులోనే మనిషి అసలు స్వభావం బయటపడుతుంది.

వాస్తవం: మత్తు కొత్త దుర్గుణాలను పుట్టించదని, ఉన్నవాటిని బయటపెడుతుందని రోమన్ తత్వవేత్త సెనెకా అన్నాడు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. మద్యం మనిషి ధ్యాసను కుదించి, కళ్లెదుట ఉన్నదానికే పరిమితం చేస్తుందని, పర్యవసానాల ఆలోచన అప్పుడు వెనక్కి పోతుందని 1990లో స్టీల్, జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. అందుకే అదే మనిషి ఒక చోట పాడతాడు, మరొక చోట కలబడతాడు. పైగా నోటిదాకా వచ్చిన కఠినమైన మాటను ఆపుకోవడం కూడా ఆ మనిషి స్వభావంలో భాగమే కదా. ఆ నిగ్రహాన్ని తీసివేసి, మిగిలినదే అసలని అనడం అన్యాయం.

అపోహ: నా ఒళ్లు, నా ఇష్టం, అడిగే హక్కు ఎవరికీ లేదు.

వాస్తవం: స్వేచ్ఛకు గట్టి సమర్థకుడైన జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో మద్యనిషేధాన్ని వ్యతిరేకించాడు, కేవలం తాగినందుకు ఎవరినీ శిక్షించరాదన్నాడు. అయితే విధి నిర్వహణలో తాగిన సైనికుడు శిక్షార్హుడేనని, తాగి ఇతరులపై దాడి చేసిన నేరం ఒకసారి రుజువైనవాడిపై ప్రత్యేక ఆంక్షలు ఉండవచ్చునని కూడా ఆయనే రాశాడు. నచ్చజెప్పడాన్ని, మందలించడాన్ని ఆయన ఏనాడూ కాదనలేదు.

అపోహ: మానలేనివాడికి మానాలనే కోరికే ఉండదు.

వాస్తవం: 1971లో తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ మత్తుమందుకు బానిసైనవాడిని ఉదాహరణగా తీసుకుని, కోరికల గురించి కూడా మనిషికి కోరికలు ఉంటాయని చూపించాడు. మత్తును కోరుతూనే, ఆ కోరిక తనను నడిపించకూడదని మనసారా కోరుకునేవాడు ఉంటాడు; అతనిని సంకల్పహీనుడని నిందించడం అతని లోపలి పోరాటాన్ని చూడకపోవడమే. ఆ పోరాటంలో ఒంటరిగా ఉన్నవారికి ఒక హెచ్చరిక కూడా అవసరం: మద్యానికి తీవ్రంగా అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు కనుక, వారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.