పండగ రద్దీలో ఈవీ చార్జింగ్: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రిక్ కార్ల (ఈవీల) ఫాస్ట్ చార్జర్ల మెయింటెనెన్స్ నా పని. చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా విజయవాడ హైవే మీద మా కంపెనీ మెషిన్లు చూసుకుంటాను. మామూలు రోజుల్లో మెషిన్ చెడిపోతేనే నాకు ఫోన్ వస్తుంది. సంక్రాంతికి మాత్రం భోగికి ముందు మూడు రోజులు, కనుమ తర్వాత మూడు రోజులు, మెషిన్లన్నీ బాగానే ఉన్నా ఫోన్ ఆగదు. గొడవంతా క్యూ దగ్గరే. ఆ క్యూ అంత పొడవు పెరగడానికి పెద్ద కారణం ఒకే ఒక్క అపోహ అని నా నమ్మకం. అందుకే మొదట దాని గురించే వివరంగా రాస్తాను.

అపోహ: దూరం వెళ్ళాలి కాబట్టి ఫాస్ట్ చార్జర్ దగ్గర 100 శాతం నింపుకునే కదలాలి

ఈ అలవాటు పెట్రోలు బంకు నుంచి వచ్చింది. ఊరికి బయల్దేరితే ఫుల్ ట్యాంక్ కొట్టించడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి. బంకులో మొదటి లీటరుకు ఎంతసేపు పడుతుందో ఆఖరి లీటరుకూ అంతే పడుతుంది. బ్యాటరీ అలా నిండదు.

కళ్ళంలో వడ్లు బస్తాకెత్తడం చూసే ఉంటారు. మొదట తట్టలతో దబదబా పోస్తారు. మూతి దగ్గరికి వచ్చాక బస్తాను కుదేసి, దోసిళ్ళతో సర్దుతూ పోయాలి. తొందరపడితే గింజలు కింద పడతాయి. బ్యాటరీ లోపల జరిగేదీ ఇంచుమించు ఇదే. చార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు వెళ్ళి గ్రాఫైట్ పొరల మధ్య ఇమడాలి. ఖాళీ ఉన్నంతసేపు గబగబా ఇమిడిపోతాయి. నిండే కొద్దీ చోటు వెతుక్కోవాలి. అప్పుడు కూడా అదే వేగంతో కరెంటు తోస్తే లోపలికి పోలేని లిథియం పైనే లోహంగా పేరుకుంటుంది, సెల్ పాడవుతుంది. అలా జరగకుండా కారులోని బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపలా కాసే కంప్యూటర్, 80 శాతం దగ్గరికి వచ్చేసరికి కరెంటు తగ్గించమని మెషిన్‌కు చెబుతుంది.

ఇక్కడ అందరూ గమనించాల్సిన మాట ఒకటుంది. ఎంత కరెంటు ఇవ్వాలో అడిగేది కారే. మెషిన్ అడిగినంత ఇస్తుంది. "బిల్లు పెంచడానికి 80 తర్వాత మీరే స్లో చేస్తున్నారు" అని నన్ను నిలదీసినవాళ్ళు లెక్కలేనంత మంది. మా దగ్గర బిల్లు యూనిట్లకే, నిమిషాలకు కాదు. మీ కారు గన్ (మెషిన్ నుంచి వచ్చి కారుకు తగిలించే ప్లగ్) పట్టుకుని ఎంతసేపు నిలబడితే మాకు అంత నష్టం.

ఇప్పుడు లెక్క చూద్దాం. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు, 60 కిలోవాట్ల మెషిన్. 10 నుంచి 80 వరకు దాదాపు 40 నిమిషాలు. 80 నుంచి 100 వరకు ఇంకో 35 నుంచి 50 నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై శాతం అంటే 9 యూనిట్లు. హైవే మీద యూనిట్‌కు 6 కిలోమీటర్లు వేసుకున్నా 54 కిలోమీటర్లు. అంటే 54 కిలోమీటర్ల కోసం ముప్పావుగంట నిలబడుతున్నారు, వెనక నలుగురిని నిలబెడుతున్నారు.

అసలు అవసరం ఎంత? హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు సగం దూరంలో ఉంది. ఇంట్లో 100 చేసుకుని బయల్దేరితే సూర్యాపేటకు సగం బ్యాటరీతో వస్తారు. అక్కడి నుంచి విజయవాడ 135 కిలోమీటర్లు, అంటే 22 నుంచి 23 యూనిట్లు, అంటే బ్యాటరీలో సగం. చేతిలో 20 శాతం మిగలాలనుకుంటే 70, ఇంకా ధైర్యం కోసం 75 చాలు. 48 నుంచి 75కు రావడానికి రెండో గన్‌లో ఇంకో కారున్నా అరగంట పట్టదు. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

క్యూ లెక్క ఇంకా బాధగా ఉంటుంది. రెండు గన్‌లు, ఆరు కార్లు. ఒక్కొక్కరు 25 నిమిషాల్లో తీసేస్తే ఆఖరి కారు 50 నిమిషాలు ఆగాలి. ఒక్కొక్కరు 75 నిమిషాలు పెడితే అదే కారు రెండున్నర గంటలు ఆగాలి. ఆ ఆఖరి కారులో పాలు తాగే పిల్ల ఉంటుంది, షుగర్ మాత్రల టైము దాటిపోతున్న పెద్దాయన ఉంటాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

పోయిన సంక్రాంతికి భోగి ముందు రోజు సాయంత్రం సూర్యాపేటలో ఒక పెద్దాయన కారు 81 దగ్గర ఉంది. వెనక ఏడు కార్లు. కుర్రాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. ఆయన గన్ దగ్గర చేయి వేసుకుని నిలబడ్డారు, కదలరు. దగ్గరికి వెళ్తే, "బాబూ, నేను భీమవరం పోవాలి. 250 కిలోమీటర్లు. వంద లేకుండా ఎట్లా కదలమంటావు?" అన్నారు. మాటల్లో అసలు సంగతి తెలిసింది. అంతకు ముందేడు కంచికచర్ల దగ్గర 9 శాతంతో ఒక చార్జర్‌కు చేరారట. యాప్‌లో ఖాళీ అని చూపించిన మెషిన్ పనిచేయలేదు. రాత్రిపూట భార్యతో రోడ్డు పక్కన నాలుగు గంటలు కూర్చున్నారు. అలాంటి మనిషి మీద హారన్ కొడితే ఏం లాభం? అది మొండితనం కాదు, భయం.

పక్కన కూర్చోబెట్టి హోటల్ బిల్లు వెనక లెక్క రాశాను. 250 కిలోమీటర్లకు 42 యూనిట్లు కావాలి. వంద చేసినా మిగిలేది 3 యూనిట్లు, 7 శాతం. అంటే ఇక్కడ ఇంకో ముప్పావుగంట నిలబడ్డా ఎక్కడో ఒకచోట మళ్ళీ ఆగక తప్పదు. ఎలాగూ ఆగేటప్పుడు బ్యాటరీ తక్కువగా ఉన్నప్పుడు ఆగితే వేగంగా ఎక్కుతుంది. విజయవాడ దాటి గన్నవరం వైపు 25 శాతంతో ఆగండి, ఇరవై నిమిషాల్లో 60 అవుతుంది, అక్కడి నుంచి మీ ఊరు ఇంకో వంద కిలోమీటర్లే అని చెప్పాను. "అక్కడ మెషిన్ పనిచేయకపోతే?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 25 దగ్గర ఆగమనేది అందుకే. ఒకటి పనిచేయకపోయినా ఇంకోదానికి వెళ్ళగలిగే చార్జ్ ఉంటుంది. 9 దగ్గర ఆ అవకాశం ఉండదు. ఆయన కాసేపు ఆ కాగితం చూసి, 84 దగ్గర గన్ తీశారు. రాత్రి పదకొండున్నరకు ఫోన్. గన్నవరం దగ్గర 29తో ఆగారట, గన్ ఖాళీగా ఉందట. టోల్‌గేట్ల దగ్గర నెమ్మదిగా సాగడం వల్ల నా లెక్క కన్నా నాలుగు శాతం ఎక్కువే మిగిలింది.

80 దాటి పెట్టుకోవాల్సిన సందర్భాలు లేవని అనను. 19, 24 యూనిట్ల చిన్న బ్యాటరీ కార్లకు తర్వాతి చార్జర్ దూరంగా ఉంటే 90 అవసరం పడొచ్చు. రాత్రి రెండు గంటలకు వెనక ఎవరూ లేకపోతే వంద చేసుకోండి, ఎవరికీ ఇబ్బంది లేదు.

"ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ కదా, అప్పుడప్పుడు వంద చేయమని షోరూమ్‌లోనే చెప్పారు" అంటారు కొందరు. ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఒక రకం లిథియం బ్యాటరీ. చెప్పింది నిజమే. సెల్స్ బ్యాలెన్స్ కావడానికి, అంటే అన్నీ ఒకే స్థాయికి రావడానికి, మీటర్‌లో పర్సంటేజ్ సరిగ్గా చూపించడానికి అది అవసరం. కానీ ఆ పని ఇంట్లో స్లో చార్జర్ మీద చేయమన్నారు. సంక్రాంతి ముందు రోజు హైవే మీద చేయమనలేదు.

అపోహ: ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోతుంది

పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిన ఫొటోలు టీవీలో చూపించగానే ఈ భయం పుడుతుంది. ఒకసారి ఒక కుటుంబం చౌటుప్పల్ దాటి వచ్చి నా ముందు ఆగింది. ఏసీ ఆపేసి, దుమ్ముకు అద్దాలు మూసుకుని, పిల్లలిద్దరూ చెమటతో తడిసిపోయి ఉన్నారు. బ్యాటరీ చూస్తే 71 శాతం! ఆ అమ్మ ముఖం చూసి నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు, ఆమెకు ఈ భయం ఎక్కించిన వాట్సాప్ మెసేజ్ మీద.

కారు నిలబడి ఉంటే మోటార్ తీసుకునేది ఏమీ లేనట్టే. ఏసీ, లైట్లు, స్క్రీన్ అన్నీ కలిపి గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్. రెండు గంటలు జామ్‌లో ఉన్నా 3 యూనిట్లు, 45 యూనిట్ల బ్యాటరీలో 7 శాతం లోపే. ఆ తర్వాత నలభై, యాభై వేగంతో పాకుతూ వెళ్ళేటప్పుడు గాలి నిరోధం తక్కువ కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది. ఖాళీ రోడ్డు మీద 110తో దూసుకుపోవడమే బ్యాటరీని తినేస్తుంది. ఏసీ వేసుకోండి.

అపోహ: 60 కిలోవాట్లని రాసి 30 ఇస్తున్నారు, మోసం

చాలా మెషిన్లకు రెండు గన్‌లు ఉంటాయి. ఒక్క కారు పెడితే మొత్తం 60, రెండో కారు వస్తే ముప్పై, ముప్పై. లోపల పవర్ మాడ్యూళ్ళు అలా పంచుకుంటాయి. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పక్క కారు 95 దగ్గర 6 కిలోవాట్లే తీసుకుంటున్నా, చాలా మెషిన్లలో దాని వాటా 30 దానికే కట్టేసి ఉంటుంది. మిగిలిన 24 ఎవరికీ ఉపయోగపడదు. మళ్ళీ మొదటి అపోహ దగ్గరికే వచ్చాం.

గన్ కారు నుంచి ఊడి రాకపోతే ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మాత్రం కొట్టకండి, దయచేసి. మెషిన్ మొత్తం ఆగిపోతుంది, పక్క కారు చార్జింగ్ కూడా పోతుంది. మళ్ళీ రీసెట్ చేయాలి. యాప్‌లో స్టాప్ నొక్కి, కారు అన్‌లాక్ చేస్తే గన్ వస్తుంది.

అపోహ: యాప్‌లో ఖాళీ అని ఉంటే ఖాళీయే

గన్ ఏ కారుకూ పెట్టి లేదని మాత్రమే దాని అర్థం. వెనక నిలబడ్డ క్యూ యాప్‌కు కనిపించదు. ఆ మెషిన్‌లో ఆఖరిసారి చార్జింగ్ ఎప్పుడు జరిగిందో చూపించే యాప్ అయితే అది చూడండి. పొద్దుట్నుంచి ఒక్కరూ పెట్టకపోతే అనుమానించండి. స్టేషన్ నంబర్ ఉంటే ఫోన్ చేయండి. పండగ రద్దీలో సెల్ టవర్ల మీద లోడ్ పెరిగి ఓటీపీలు రావు, పేమెంట్లు తిరుగుతూ ఉంటాయి. రెండు మూడు యాప్‌ల వాలెట్లలో ఇంటి దగ్గరే డబ్బు వేసి పెట్టుకోండి. చార్జింగ్‌కు తమ కార్డు ఇచ్చే కంపెనీ అయితే ఆ కార్డు తీసుకోండి.

అందరూ సూర్యాపేటలోనే ఆగుతారు, హోటళ్ళు అక్కడ ఉన్నాయని. నార్కట్‌పల్లి, కోదాడ, నందిగామ కూడా చూడండి. భోజనం ఒకచోట, చార్జింగ్ ఇంకోచోట అయినా టైము కలిసొస్తుంది.

వర్షంలో గన్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. లాక్ అయి, ఇన్సులేషన్ చెక్ అయ్యేదాకా కరెంటు రాదు. నీళ్ళలో మునిగిన మెషిన్‌ను ముట్టుకోకండి, అంతే. ఫాస్ట్ చార్జింగ్‌తో బ్యాటరీ పాడవుతుందా? రోజూ అదే చేస్తే కొంత అరుగుదల ఉంటుంది, ఏడాదికి నాలుగు ప్రయాణాలకు ఏమీ కాదు.

అపోహ: మా పల్లెటూళ్ళో చార్జింగ్ అవ్వదు

ఇది నమ్మినవాళ్ళే హైవే మీద వంద కోసం పట్టుబడతారు. ఊళ్ళో ఏసీకో, గీజర్‌కో వాడే 15 ఆంపియర్ల ప్లగ్ ఒక్కటి ఉంటే చాలు. గంటకు 3 యూనిట్ల లెక్కన రాత్రి పది గంటలు పెడితే 30 యూనిట్లు, 180 కిలోమీటర్లు. పండగ మూడు రోజులూ కారు వాకిట్లోనే కదా ఉండేది. తిరుగు ప్రయాణానికి వందతో బయల్దేరొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఒకటి ఎర్తింగ్. పాత ఇళ్ళలో ఎర్త్ వైరు ఉండదు, ఉన్నా ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది. చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి చార్జింగ్ మొదలవ్వదు. గుంట ఉంటే బిందెడు నీళ్ళు పోసి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ లేకుండా చార్జర్‌ను మోసపుచ్చే అడాప్టర్లు అమ్ముతున్నారు, వాటి జోలికి పోవద్దు. కారు బాడీకి షాక్ వస్తే పిల్లలు ముట్టుకుంటారు.

రెండోది ఎక్స్‌టెన్షన్ బాక్స్. తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో నేనే ఒకసారి కూలర్‌కు వాడే బాక్స్ పెట్టి పడుకున్నాను. అర్ధరాత్రి కాలిన వాసనకు మా అత్తయ్య లేచి మెయిన్ ఆపింది. ప్లగ్ కరిగి బాక్స్‌కు అతుక్కుపోయింది. అయిదారు గంటలు ఆగకుండా 15 ఆంపియర్లు పోయే పని ఆ సన్నవైరు బాక్స్ చేయలేదు. గోడ ప్లగ్‌కే నేరుగా పెట్టండి, మొదటి గంట తర్వాత ప్లగ్ ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి ఆనించలేనంత వేడి ఉంటే వెంటనే ఆపండి.

ఇదంతా కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్ వెంట ఉంటేనే. సూర్యాపేటలో క్యూలో నిలబడ్డవాళ్ళను అడిగితే ఎక్కువమంది చెప్పేది "ఇంట్లోనే ఉంది" అని. బయల్దేరే ముందు డిక్కీలో సంచుల కన్నా ముందు అది పెట్టండి.