ఐకాన్ చిత్రలేఖనం: అపోహలు – వాస్తవాలు

తూర్పు క్రైస్తవ సంప్రదాయపు ఐకాన్లు, అంటే క్రీస్తు, మరియమ్మ, పరిశుద్ధుల పవిత్ర చిత్రాలు, వేయడం నాకు వృత్తి, ప్రార్థన కూడా. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది బొమ్మలు లేని ప్రార్థనా మందిరాల్లో పెరిగినవారు గనుక, నా పని చూసి వారు మొదట అడిగే ప్రశ్నతోనే ప్రారంభిస్తాను.

అపోహ: ఐకాన్ ముందు తల వంచడం విగ్రహారాధనే.

విగ్రహాలు చేసుకోవద్దన్న నిర్గమకాండంలోని ఆజ్ఞను భయభక్తులతో పాటించేవారికి ఈ సందేహం కలగడం సహజం. 8, 9 శతాబ్దాల్లో బైజాంటియం (తూర్పు రోమన్) సామ్రాజ్యమే ఈ ప్రశ్న మీద నిలువునా చీలిపోయింది. అదృశ్యుడైన దేవుణ్ణి ఎవరూ చిత్రించలేరు గాని, వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను గనుక ఆ క్రీస్తు ముఖాన్ని చిత్రించవచ్చునని 8వ శతాబ్దపు వేదాంతి దమస్కు యోహాను వాదించాడు. ఆరాధన దేవునికే చెందుతుందని, చిత్రానికి చేసేది గౌరవ వందనమని, ఆ గౌరవం అందులో చిత్రితమైన వ్యక్తికి చేరుతుందని 787లో రెండవ నైసియా క్రైస్తవ మహాసభ తేల్చింది.

అపోహ: ఇది పాత బొమ్మలకు నకలు తీయడమే, చిత్రకారుడి సొంతం ఏమీ ఉండదు.

మమ్రే సింధూరవనంలో అబ్రాహాము ఇంటికి ముగ్గురు అతిథులు వచ్చిన ఘట్టాన్ని త్రిత్వానికి (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలకు) సూచనగా, రష్యా చిత్రకారుడు అంద్రేయ్ రుబ్లెవ్ కంటే ముందు ఎన్నో తరాలవారు చిత్రించారు. 15వ శతాబ్ది తొలి దశకాల్లో ఆయన ఆ దృశ్యంలోంచి అబ్రాహామునూ శారానూ తొలగించి, బల్ల చుట్టూ ముగ్గురు దేవదూతలనూ నడుమ ఒక్క పాత్రనూ మాత్రమే ఉంచాడు. ఆ చిత్రం ఎదుట ఎంతసేపు కూర్చున్నా నా చూపు ఒక దూత నుంచి మరొక దూతకు వలయంగా తిరుగుతూనే ఉంటుంది. 1551లో మాస్కోలో సమావేశమైన చర్చి సభ, త్రిత్వాన్ని పూర్వపు గ్రీకు చిత్రకారులూ, రుబ్లెవూ వేసినట్టే వేయాలని ఆదేశించింది. సంప్రదాయం లోపలి నుంచి పుట్టిన నూతనత్వాన్ని ఆ సంప్రదాయమే ప్రమాణంగా స్వీకరించిందన్నమాట.

అపోహ: భక్తి ఉంటే చాలు, చేయి దానంతటదే నడుస్తుంది.

ఉపవాసం, ప్రార్థన ఈ పనికి ప్రాణమే. అయితే అవి సుద్దపూతను గట్టిపరచవు. చెక్కపలక మీద నారబట్ట అంటించి, చర్మపు జిగురులో కలిపిన సుద్దను ఎనిమిది పది పూతలుగా పూసి, ప్రతి పూతనూ ఆరనిచ్చి, చివరకు దంతంలా నున్నగా రుద్దాలి. ఖాదీ బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించే చేర్యాల నకాషీ కళాకారులకు ఈ శ్రమ గురించి వేరే చెప్పనక్కర్లేదు. తొలి రోజుల్లో నేను జిగురు చిక్కగా కలిపినందువల్ల, ముఖం పూర్తయిన ఒక పలక నిలువునా పగుళ్లిచ్చింది. ఆ పలకను మొదటి నుంచి మళ్లీ చేశాను. రంగుపొడిని గుడ్డు పచ్చసొనతో కలిపి, ముందుగా ముదురు మట్టిరంగు పరచి, దాని మీద క్రమంగా లేతరంగులు ఎక్కిస్తూ ముఖాన్ని చీకటి నుంచి వెలుగులోకి తీసుకువస్తాము.

పాత ఐకాన్లు నల్లగా కనిపించడానికి కారణం ఈ ముదురు అడుగురంగు కాదు. పైన పూసిన అవిసెనూనె కాలక్రమంలో నల్లబడుతుంది. రుబ్లెవ్ చిత్రాన్ని 1904లో శుభ్రం చేయడం మొదలుపెట్టాకే అందులోని నీలం మళ్లీ కనబడసాగింది.

అపోహ: ఐకాన్లు వేసేవారు పేరు చెప్పుకోని సన్యాసులే.

15వ శతాబ్దపు క్రేతు ద్వీపవాసి ఆంగెలోస్ తన చిత్రాల మీద సంతకం చేశాడు, ఆయన గృహస్థుడు.

అపోహ: ఐకాన్‌ను చిత్రించారనకూడదు, రాశారనే అనాలి.

గ్రీకులో రెండు పనులకూ ఒకటే క్రియ ఉండటం వల్ల ఈ పట్టింపు పుట్టింది. మన పాత తెలుగులో కూడా చిత్తరువును వ్రాయడమే అనేవారు గనుక మనకు ఆ తగాదా అవసరం లేదు. ఐకాన్‌లో అక్షరాలా రాసేది పేరును. క్రీస్తు శిరస్సుకు ఇరువైపులా యేసు, క్రీస్తు అనే గ్రీకు పదాల మొదటి, చివరి అక్షరాలను చివరగా రాస్తాము. పేరు చేరేవరకు పని పూర్తయినట్టు కాదు. తెలుగు కుటుంబం కోసం మరియమ్మను చిత్రించినప్పుడు, గ్రీకు అక్షరాల కింద సన్నని కుంచెతో ‘దేవుని తల్లి’ అని తెలుగులోనూ రాస్తాను.