లిఫ్ట్ చేసిన థార్ ఒక పక్కకు ఒరిగితే: అపోహలు - వాస్తవాలు

మహీంద్రా థార్‌కు లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, స్పేసర్ల సెట్టు) వేయించాక బండి డ్రైవర్ వైపు కాస్త దిగినట్టో, ముక్కు లేచినట్టో కనిపించగానే చాలామంది అడిగేది ఒక్కటే: "ఆ మూలన ఒక ప్యాకింగ్ (ఎత్తు పెంచే మందపాటి రింగు) వేసేయండి." ప్యాకింగ్ అన్నిటికంటే చివర వేయాల్సింది. ఏ మూల, ఎందుకు దిగిందో ముందు తేలాలి. పాత థార్ సీఆర్‌డీఈ (డీజిల్ మోడల్)లో ముందు టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాన్ పట్టీలు ఉంటాయి. 2020లో వచ్చిన థార్‌లో ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. ఒకదానికి చేసిన రిపేరు రెండోదానికి పనికిరాదు.

అపోహ: నేల నుంచి ఫెండర్ (చక్రం పైనున్న రేకు) దాకా టేపు పెట్టి కొలిస్తే సరిపోతుంది.

అలా కొలిస్తే టైరులో గాలి, టైరు అరుగుదల, నేల వాలు అన్నీ కొలతలో కలిసిపోతాయి. చక్రం మధ్య బిందువు నుంచి సరిగ్గా దానిపైన ఉన్న ఫెండర్ అంచుకు కొలవాలి. దానికి ముందు నేల మట్టం చూసుకోవాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు ఇందుకు చాలు. నాలుగు టైర్లలో చల్లగా ఉన్నప్పుడే సమానంగా గాలి పట్టించి, బండిలోని సామాను దించేయండి. జాకీ మీంచి దించిన వెంటనే మాత్రం కొలవొద్దు. ముందు చక్రాలు లోపలికి ముడుచుకుని నేలను పట్టుకునే ఉంటాయి కాబట్టి బండి ఎత్తుగా నిలబడుతుంది. ఐదారు మీటర్లు ముందుకూ వెనక్కీ నడిపి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఆపి, బంపర్లను రెండు మూడుసార్లు నొక్కి వదిలాక కొలవండి. తర్వాత బండిని అదే చోట వెనక్కి తిప్పి నిలబెట్టి మళ్లీ కొలవండి. ఒరుగు అవతలి పక్కకు మారితే తప్పు నేలది.

ఫెండర్‌ను కూడా పూర్తిగా నమ్మకూడదు, బాడీ బిగింపులోనే కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉండొచ్చు. వెనక యాక్సిల్ గొట్టం నుంచి ఛాసిస్ దాకా రెండు పక్కలా కొలిచి చూడండి. అక్కడ సమానంగా ఉండి ఫెండర్ దగ్గరే తేడా వస్తుంటే బాడీని ఛాసిస్ మీద నిలిపే బాడీ మౌంట్ రబ్బర్లు కుంగాయేమో చూడాలి, స్ప్రింగుల జోలికి పోనక్కర్లేదు. 10 మి.మీ. లోపు తేడా అయితే వదిలేయమనే మా సలహా.

అపోహ: ఏ మూల దిగితే ఆ మూల స్ప్రింగే చెడింది.

ఛాసిస్ గట్టి చట్రం. వెనక ఒక పక్క స్ప్రింగు పొట్టిదైతే ముందు భాగం కూడా అటే వాలుతుంది. తప్పు ముందుందో వెనకుందో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టి, ముందు క్రాస్‌మెంబర్‌కు (ఛాసిస్ అడ్డ దూలానికి) సరిగ్గా మధ్యలో చెక్క పెట్టి, ముందు టైర్లు నేల వదిలేంత వరకే జాకీతో లేపండి. ఇప్పుడు ముందు సస్పెన్షన్ ప్రభావం ఉండదు. వెనక కొలతలు సమానమైతే దోషం ముందుంది, తేడా అలాగే ఉంటే వెనకుంది. ఈ పరీక్షలో బండి ఒకే జాకీ మీద నిలబడి ఉంటుంది, కాబట్టి కిందికి దూరొద్దు.

దోషం ముందుందో వెనకుందో తెలిశాక, మొదట బిగింపును చూడండి. కాయిల్ కొన సీటులోని గాడిలో కూర్చోకపోతే ఆ పక్క ఎత్తు తేడా వస్తుంది. కొన్ని కిట్లలో డ్రైవర్ వైపు, క్లీనర్ వైపు స్ప్రింగులు వేర్వేరు పొడవుల్లో వస్తాయి. అవి తారుమారైతే బండి ఒరుగుతుంది. స్ప్రింగు మీది నంబరు చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: బోల్టులన్నీ జాకీ మీద ఉండగానే బిగించేయొచ్చు.

ఒరుగు ఫిర్యాదుల్లో మేం అన్నిటికంటే ముందు చూసేది ఇదే. ఆర్మ్‌ల (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతుల) కీళ్లలో ఉండే రబ్బరు బుష్ బేరింగులా తిరగదు, లోపలి రబ్బరు మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే బుష్ ఆ భంగిమలోనే ఉండిపోతుంది. బండి నేల మీదికి వచ్చాక రబ్బరు ఎప్పుడూ మెలికతోనే ఉండి, ఆర్మ్‌ను వెనక్కి తోస్తూ ఎత్తును తప్పుగా చూపిస్తుంది. కొన్నాళ్లకు రబ్బరు చీలి ఆ పక్క దిగిపోతుంది. ముందు ఆర్మ్‌ల లోపలి బోల్టులు, వెనక లింకుల బోల్టులు, కమాన్ బండైతే షాకిల్ (కమాన్ కొనను ఛాసిస్‌కు వేలాడదీసే లింకు) బోల్టులు వదులు చేసి, బరువంతా టైర్ల మీద ఉండగా బండిని ఊపి, వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఒక్క భాగం కూడా కొనకుండానే ఒరుగు పోయే అవకాశం ఇక్కడే ఎక్కువ.

అపోహ: 25 మి.మీ. స్పేసర్ వేస్తే బండి 25 మి.మీ. లేస్తుంది.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో (రెండు చక్రాలూ వేటికవి కదిలేది) అలా జరగదు. కింది ఆర్మ్ ఛాసిస్ దగ్గర తిరిగే బిందువు నుంచి బాల్ జాయింట్‌కు (చక్రం వైపు కీలుకు) 400 మి.మీ., షాక్ (షాక్ అబ్జార్బర్) బిగించిన చోటుకు 250 మి.మీ. అనుకుందాం. షాక్ పైన పెట్టిన 25 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర 40 మి.మీ. అవుతుంది. చక్రం దగ్గర 10 మి.మీ. సరిచేయడానికి 6 మి.మీ. ప్యాకింగ్ చాలు. పైన మందపాటి స్పేసర్ పెడితే చక్రం వేలాడినప్పుడు బాల్ జాయింట్, యాక్సిల్ జాయింట్ల కోణం హద్దు దాటుతుంది, పూర్తిగా నొక్కుకున్నప్పుడు షాక్ లోపల అడుగు కొడుతుంది. వెనక గట్టి యాక్సిల్‌కు ఈ లెక్క వర్తించదు. రెండు పక్కలా ఒకే మందం వేస్తే దాదాపు అంతే లేస్తుంది. కొత్త స్ప్రింగులు మొదట్లో కాస్త కుంగుతాయి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచి, అప్పుడే ప్యాకింగ్ మందం నిర్ణయించండి.

అపోహ: టార్షన్ బార్ బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది.

బార్ గట్టిదనం దాని మందం, పొడవు బట్టి ఉంటుంది. బోల్టు తిప్పితే మారేది ఎత్తే. ఎక్కువ తిప్పితే చక్రం కిందికి దిగే జాగా తగ్గి, గుంత దాటినప్పుడల్లా పై ఆర్మ్ స్టాపర్‌కు టక్కున తగులుతుంది. ఆ కుదుపునే గట్టిదనం అనుకుంటారు. బోల్టుకు పెయింట్ గుర్తు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద దించి, మరకు గ్రీజు రాసి తిప్పండి. బరువు మీద తిప్పితే మర తెగుతుంది. యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు విప్పి ఉంచితేనే రెండు పక్కల అసలు ఎత్తు తెలుస్తుంది.

వెనక కమాన్ల కింద లిఫ్ట్ బ్లాకులు ఒకదానిపై ఒకటి పేర్చడం ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలితిరిగి బ్లాకు జారుతుంది. సరైన పట్టీ కలిపి కట్ట కట్టించి, కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు కొత్తవి వేసి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి.

అపోహ: ఎత్తును నిలబెట్టేది షాక్‌లే.

బరువు మోసేది స్ప్రింగు. 18 మి.మీ. రాడ్, 14 బార్ గ్యాస్ ఉన్న మోనోట్యూబ్ షాక్ తోసే బలం సుమారు 36 కిలోలు. దాంతో కొన్ని మిల్లీమీటర్లు లేస్తుంది, అంతే.

అపోహ: ముందూ వెనకా సమానంగా ఉంటేనే సరైన ఎత్తు.

కంపెనీ ముక్కును కాస్త దించి పంపేది వెనక బరువు పడుతుందనే. ఖాళీ బండిని సమం చేస్తే, నలుగురు ఎక్కి సామాను వేయగానే తోక కుంగి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. ఒరుగు కొలతకు ఖాళీ బండి సరిపోయినా, ముందూ వెనకల ఎత్తును మాత్రం మీరు ఎక్కువగా తిరిగే బరువుతోనే కొలిచి, వెనక ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా వదలండి.

అపోహ: లిఫ్ట్ చేస్తే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యనున్న గేర్ల డబ్బా) కూడా లేస్తుంది.

గట్టి యాక్సిల్ కింద ఎత్తు పెంచేది పెద్ద టైరు ఒక్కటే.

ఎత్తు ఎంత మార్చినా టో, క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రాల కోణాలు మారతాయి కాబట్టి అలైన్‌మెంట్, హెడ్‌లైట్ సర్దుబాటు తప్పవు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులపై ఆంక్షలు పెట్టిందనీ, బీమా క్లెయిమ్‌కు ఇబ్బంది రావచ్చనీ గుర్తుంచుకోండి. వెనక యాక్సిల్‌కు రాడ్‌తో కలిపిన లోడ్ సెన్సింగ్ బ్రేక్ వాల్వ్ (బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చేది) ఉన్న బండిలో, లిఫ్ట్ చేశాక బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వ్ వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. దాని బ్రాకెట్‌ను లిఫ్ట్‌కు తగ్గట్టు మార్చాలి. చివరగా చక్రాలు పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చేత్తో పట్టి చూడండి.