క్లినిక్‌లో కదలని పిల్లి: పెంపుడు జంతువుల భయంపై అపోహలు - వాస్తవాలు

కుక్కో పిల్లో భయపడితే ‘కాసేపు ఓర్చుకుంటుందిలే’ అనుకుంటారు చాలామంది. పశువైద్యుడిగా నా టెన్షన్ వేరు. భయంలో ఉన్న జంతువుకు జబ్బేమిటో తేల్చడమే కష్టం.

అపోహ: “మా పిల్లి బంగారం డాక్టర్ గారూ, టేబుల్ మీద కదలనే కదలదు.”

వాస్తవం: ఒకసారి దగ్గరగా చూడండి. చెవులు పక్కలకి అణిగాయా? కనుపాపలు ఇంతింతయ్యాయా? కాళ్లన్నీ పొట్ట కిందకి లాక్కుని, తోక ఒంటికి చుట్టుకుందా? అయితే అది భయంతో బిగుసుకుపోయిందన్నమాట. గుర్‌గుర్‌మంటోందని మురిసిపోకండి, నొప్పి ఉన్నా పిల్లులు అలా అంటాయి. ఈ స్థితిలో రక్తం తీస్తే, షుగర్ జబ్బు లేని పిల్లికి కూడా 200 దాటి చూపించవచ్చు. అందుకే ఒక్క రీడింగ్ చూసి ఇన్సులిన్ మొదలుపెట్టం. గత కొద్ది వారాల్లో షుగర్ ఎలా ఉందో చెప్పే ఫ్రక్టోజమైన్ పరీక్ష చేయిస్తాం.

అపోహ: పిల్లిని తీసుకెళ్లే పెట్టె (క్యారియర్) కనిపిస్తే అది మంచం కిందకి దూరుతుంది, బయల్దేరేటప్పుడే బయటికి తీయాలి.

వాస్తవం: అలా చేస్తారు కాబట్టే దూరుతుంది. క్యారియర్‌ని ఎప్పుడూ హాల్లోనే ఉంచండి. పాత దుప్పటి పరిచి, అప్పుడప్పుడు తిండి అందులోనే పెట్టండి. పైమూత ఊడేది కొంటే నాకూ సుఖం, పిల్లి కింది భాగంలో కూర్చుని ఉండగానే పరీక్ష చేసేయొచ్చు. దారిలో తువ్వాలు కప్పండి. క్లినిక్‌లో నేల మీద పెట్టొద్దు, సరిగ్గా కుక్కల ముక్కుకి అందుతుంది.

అపోహ: భయపడేటప్పుడు నిమిరితే భయపడటమే అలవాటవుతుంది.

వాస్తవం: కాదు. హాయిగా నిమరండి.

అపోహ: ఇద్దరు గట్టిగా పట్టుకుంటే రెండు నిమిషాల పని.

వాస్తవం: ఈసారికి అయిపోతుంది. వచ్చే ఏడాది యాంటీ రేబీస్ టీకాకి తెస్తే కుక్క గేటు దగ్గరే మొరాయిస్తుంది. అందుకే గోళ్లు కత్తిరించడం లాంటి తొందరలేని పనైతే ఆపేసి, ఇంకో రోజు రమ్మంటాను. ఆటో డబ్బులు దండగయ్యాయని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విసుక్కోనివ్వండి. మధ్యలో ఊరికే తీసుకొచ్చి, బరువు చూసి, నాలుగు చికెన్ ముక్కలు పెట్టి తీసుకెళ్లండి. సూది లేని రోజులు కూడా ఉంటాయని దానికి తెలియాలి.

అపోహ: మన నిద్రమాత్ర సగం వేస్తే సరి.

వాస్తవం: దయచేసి వద్దు. ఇంట్లో మాత్రలతో ప్రయోగాలు అసలే వద్దు, పారాసిటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. మరీ భయపడే పిల్లులకు భయం తగ్గించే గాబాపెంటిన్ అనే మందు ఇస్తాం, బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, కిడ్నీ జబ్బుంటే తగ్గిస్తాం. మనుషుల గాబాపెంటిన్ ద్రావణం కుక్కలకు సొంతంగా పట్టించకండి. కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. మందు కావాలనిపిస్తే ముందురోజే ఫోన్ చేయండి, గేటు దగ్గరికొచ్చాక అడిగితే ఆ రోజుకి పనిచేయదు.