నీలం రింగు చదివేది ఎవరు?

జూన్ చివర్లో, జూలై మొదట్లో వేల్స్‌లోని ఆస్ప్రే గూళ్ళ దగ్గర కాస్త హడావుడిగా ఉంటుంది. చేపలు తప్ప దాదాపు మరేదీ ముట్టని ఈ గద్ద పిల్లలకు రింగులు వేసే రోజులవి. పిల్లకు అయిదారు వారాలు నిండాలి. అంతకన్నా చిన్నదైతే కాలు ఇంకా పూర్తిగా ఎదగదు, ఆలస్యం చేస్తే మనిషిని చూసి బెదిరి గూట్లోంచి దూకేస్తుంది, ఎగరడం రాదు కాబట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే లైసెన్సు ఉన్నవాళ్ళే పైకెక్కుతారు. తల్లి గాల్లో చక్కర్లు కొడుతూ అరుస్తుంటే పిల్లలు గూటికి అంటుకుపోయి చచ్చినట్టు పడుంటాయి. దగ్గర్నుంచి చూస్తే వీపు మీద ప్రతి ఈకకూ లేతరంగు అంచు, కళ్ళు నారింజ రంగు (పెద్దయ్యాక పసుపుకి తిరుగుతాయి). ఒక్కొక్కదాన్నీ తూచి, రెక్క కొలిచి, బరువు ఎక్కువగా కాళ్ళు లావుగా ఉంటే ఆడది అనుకుంటారు. కుడికాలికి దూరం నుంచి చదవగలిగే కోడ్‌తో నీలం రింగు, రెండో కాలికి లోహపు రింగు. స్కాట్లాండ్‌లో నీలం రింగు ఎడమకాలికి వేస్తారు, కాబట్టి ఏ కాలో తెలిసినా సగం ఆచూకీ దొరికినట్టే.

వేల్స్‌లో ఇవి గూడు కట్టినట్టు మొదటిసారి నమోదైంది 2004లోనే. పోర్త్‌మాడోగ్ దగ్గర గ్లాస్లిన్ లోయలో ఆ ఏడు గూడు గాలివానకు కూలి పిల్లలు చచ్చిపోయాయి, మరుసటి ఏడు రెండు ఎగిరాయి. ఆ గూటి మగపక్షి ఎక్కడిదో రింగే చెప్పింది: 1998లో స్కాట్లాండ్ నుంచి పిల్లగా తెచ్చి ఇంగ్లండ్‌లోని రట్లాండ్ వాటర్ అనే జలాశయం దగ్గర వదిలిన పక్షుల్లో ఒకటి. మకంత్లెత్ దగ్గర డవీ నది పక్కన 2011లో మాంటీ, నోరా అనే జంట పిల్లల్ని పెంచింది, స్థానిక నదుల పేర్లు పెట్టారు ఆ పిల్లలకి. 2012 జూన్‌లో ఆగని వానకి అక్కడి మూడు పిల్లల్లో రెండు పోయాయి. మూడోదాన్ని అక్కడి ఆస్ప్రే ప్రాజెక్టువాళ్ళు ఆ తుపానులోనే పైకెక్కి చేప ముక్కలు నోట్లో పెట్టి బతికించారు. గూటి దగ్గర పెట్టిన లైవ్ కెమెరాలో చూస్తున్నవాళ్ళ టెన్షన్ మామూలుగా లేదు. ప్రకృతిలో మనుషులు వేలు పెట్టకూడదనే వాదన నాకు తెలుసు, కానీ దేశం మొత్తంలో గూళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఆ వాదన నాకంతగా రుచించదు.

నా ఉద్దేశంలో కెమెరా చూపించేది సులువైన భాగమే. మగది చేప పట్టుకొచ్చి, తరచుగా తల తను తినేసి మిగతాది ఇవ్వడం, తల్లి చిన్న ముక్కలు చేసి పంచడం, యాభై రోజులు దాటాక పిల్ల మొదటిసారి ఎగరడం, అంతా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అసలు కథ ఆగస్టు తర్వాత. ముందు తల్లి వెళ్ళిపోతుంది, పిల్లలు దేనికవే ఒంటరిగా బయల్దేరతాయి, దారి చూపించేవాళ్ళు లేరు, అయినా పశ్చిమాఫ్రికా చేరతాయి, సెనెగల్, గాంబియా వైపు. సాధారణంగా రెండేళ్ళు తిరిగి రావు. చాలావరకు అసలే రావు. కొన్నిటి వీపున శాటిలైట్ ట్రాకర్ కట్టినా అది ఆగిపోతే పక్షి పోయిందో యంత్రమే పోయిందో చెప్పలేం.

అలాంటప్పుడు పనికొచ్చేది టెలిస్కోపు పట్టుకుని నదీముఖం దగ్గర చలిలో నిలబడే స్థానిక పక్షి ప్రేమికుడే. 2013లో డవీలో పుట్టిన క్లారఖ్ అనే ఆడపక్షి తర్వాత స్కాట్లాండ్‌లో గూడు పెట్టుకుందని తెలిసింది రింగు వల్లే. మగవి పుట్టినచోటి చుట్టుపక్కలకే రావడం, ఆడవి దూరంగా స్థిరపడటం లాంటి సంగతులు ఇలా ఒక్కో కోడూ కూడితేనే తేలాయి. గూళ్ళకి కాపలా పని కూడా ఎక్కువగా వీళ్ళదే. 2021 ఏప్రిల్ 30 రాత్రి వేల్స్‌లోని బ్రెనిగ్ సరస్సులో, అప్పుడే గుడ్డు పెట్టిన గూడు ఉన్న స్తంభాన్ని ఎవరో రంపంతో కోసి పడేశారు. అదేం ఆనందమో!

కోడ్ చదవాలంటే ఎగిరే పక్షి వెంట పరిగెత్తి లాభం లేదు. చేప పట్టాక ఏదో మొద్దు మీద కూర్చుని తీరిగ్గా తింటుంది, అప్పుడే చూడాలి. ఒక్కోసారి ఆ చేపే రింగుకి అడ్డమొస్తుంది. సగమే కనిపించినా ఏ కాలు, ఏ రంగు, ఏ అక్షరం అన్నది తారీఖుతో రాసి పంపితే చాలు, మిగతా సగం ఇంకో ఒడ్డున ఇంకెవరికో దొరకొచ్చు.